మంచులో మా అరటి

మా తాడిమర్రిలో అరటి రైతు భయపడేది గాలికి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు కమ్మి దుమ్ము లేచిందంటే మా నాయన కూర్చున్నచోట కూర్చోలేడు. గెల దిగిన చెట్టు తలబరువుతో ఉంటుంది. వేరు లోతుకు పోదు. అరగంట గాలి కొడితే ఏడాది సేద్యం మొత్తం నేలకొరుగుతుంది. ఊతకర్రలు పెట్టడం, చెట్టుకూ చెట్టుకూ ప్లాస్టిక్ తాళ్లు కట్టడం, మొదట్లో మట్టి ఎగదోయడం, ఇవన్నీ గాలి కోసం చేసే పనులే. చలి కోసం చేసేది తక్కువ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల కిందికి దిగినప్పుడు చెట్టు చావదు గాని మందగిస్తుంది. సుడిలో కొత్త ఆకు విచ్చుకోవడానికి రోజులు పడుతుంది. ఆ సమయంలోనే గెల వేసేదుంటే గొంతు దగ్గర ఇరుక్కుని సగం బయటికి, సగం లోపలే ఉండిపోతుంది. కాయ ఊరదు. అందుకని నాటేటప్పుడే నెలలు లెక్కేసుకుంటారు, గెల దిగే కాలం గట్టి చలిలో పడకుండా. దిగిన గెలలకు కవర్లు తొడుగుతారు. అంతటితో చలి పని అయిపోతుంది.

నేను చదువుకునేటప్పుడు మా చేన్లో అరటి లేదు. శెనక్కాయ వేసేవాళ్లం, వాన కోసం చూసేవాళ్లం. పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద 10 టీఎంసీల జలాశయం కట్టినాక, అందులోకి నీళ్లు రావడం మొదలైనాక చుట్టుపక్కల బోర్లు ఊపందుకున్నాయి. డ్రిప్పు పైపులు పరిచారు. టిష్యూకల్చర్ మొక్కలు, జీ9 రకం, లారీల్లో వచ్చాయి. లింగాల, పులివెందుల, యల్లనూరు, పుట్లూరు, నార్పల, మా తాడిమర్రి, ఎటు చూసినా అరటే. మా నాయన అరటి రైతు అయ్యేసరికి నేను టెక్సాస్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆయన సేద్యం నేను ఫోన్లోనే చూశాను. అరటిని నా చేతులతో పెంచింది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, మా ఇంటి వెనక దక్షిణం వైపు ఇటుక గోడ వారన.

ఇక్కడ మన తెలుగువాళ్లలో అరటి పెట్టనివాళ్లు తక్కువ. మునగ, కరివేపాకు కుండీల్లో పెడతారు, చలికాలం వస్తే గరాజులోకి మోసుకుపోతారు. అరటి అట్లా కుదరదు. దానికి నేల కావాలి. సత్యనారాయణ వ్రతానికి రెండు పక్కలా నిలబెట్టడానికి బోదెలు కావాలి, ఉగాదికి నాలుగు ఆకులు కావాలి. మన కిరాణా కొట్లో గడ్డకట్టిన ఆకుల ప్యాకెట్ దొరుకుతుంది. కరిగినాక నల్లబడి మడతల దగ్గర చినుగుతుంది. ఇంటి ముందు చెట్టు నుంచి కోసుకున్న ఆకులో తిన్నవాడికి అది ఆనదు. మా తోట మొదలైంది ఒక మిత్రుడి దగ్గర తెచ్చుకున్న రాజాపురి పిలకలతో. రాజాపురి మన దేశపు రకమే. పొట్టిగా పెరుగుతుంది, గాలికి నిలుస్తుంది, మిగతావాటికన్నా త్వరగా గెల వేస్తుంది, కాస్త చలికి ఓరుస్తుంది. అందుకే అమెరికాలో పెరటి అరటి పెట్టేవాళ్లు దాన్ని వెతుక్కుని మరీ తెచ్చుకుంటారు. పక్క వీధిలో ఒక అమెరికన్ పెద్దాయన దగ్గర జపాన్ అరటి ఉంది. దాని గడ్డ మంచు దేశాల్లో కూడా బతుకుతుంది, కాయ మాత్రం తినడానికి పనికిరాదు. ఆయనకు ఆకు అందం చాలు. మాకు గెల కావాలి. చిక్కంతా అక్కడే ఉంది.

చిక్కు ఏమిటో చెప్పాలంటే అరటి ఒంటి సంగతి కొంత చెప్పాలి. మనం మాను అనుకునేది మాను కాదు, ఆకుల తొడుగులు ఉల్లిపొరల్లా ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న బోదె. అసలు కాండం నేలలో ఉన్న గడ్డ. చెట్టు వయసులో ఉన్నంతకాలం ఎదిగే మొన ఆ గడ్డ నెత్తిన, దాదాపు నేలమట్టంలోనే ఉంటుంది. ముప్పయి, నలభై ఆకులు వేసినాక ఆ మొనే పువ్వుగా మారి బోదె నడుమ గుండా పైకి ఎక్కుతుంది. సున్నా డిగ్రీలకు ఆకు మాడుతుంది. ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగి కొన్ని గంటలు ఉంటే బోదె నీరుకారిపోతుంది. మట్టి వెచ్చగా ఉన్నంతవరకు గడ్డకు ఏమీ కాదు. డాలస్‌లో నవంబరు చివర నుంచి మార్చి నడిమి దాకా ఏ రాత్రయినా మంచు పడొచ్చు. బోదె పోయి గడ్డ ఒక్కటే మిగిలితే చెట్టు మళ్లీ మొదటి ఆకు నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఎనిమిది నెలల ఎండాకాలంలో ఆ లెక్క పూర్తి కాదు, మళ్లీ చలి వస్తుంది. గడ్డను బతికించుకున్నవాడికి ఏటా ఆకులు దొరుకుతాయి. గెల కావాలనుకున్నవాడు బోదెను కూడా చలికాలం దాటించాలి.

2020 డిసెంబరులో మొదటి మంచుకు ఆకులన్నీ ఒక్క రాత్రిలో గోధుమరంగుకు తిరిగి వేలాడాయి. నాయనకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిప్పు పెట్టినట్టుంది గదరా" అన్నాడు. ఆ ఏడాది గోడ వారన మూడు పెద్ద చెట్లున్నాయి. నడిమిది బాగా ఎదిగింది, వేసవి రాగానే గెల వేస్తుందని మా ఇంట్లో అందరం దాని మీదే ఆశ పెట్టుకున్నాం.

మాడిన ఆకులు కోసేసి బోదెలను నాలుగడుగుల ఎత్తున నిలిపాం. చుట్టూ కోళ్ల ఫారాల్లో వాడే తీగ జాలీ తెచ్చి గూడులా కట్టాం. అందులోకి ఎండాకులు నింపాలి. ఇక్కడ జనం ఓక్ చెట్ల ఆకులు ఊడ్చి, పెద్ద కాగితపు సంచుల్లో నింపి చెత్తబండి కోసం రోడ్డు వారన పెడతారు. నేనూ నా భార్యా చీకటిపడ్డాక కారు వేసుకుని ఆ సంచులు ఎత్తుకొచ్చేవాళ్లం. ఎండిన ఆకులే తేవాలి, తడివి పనికిరావు. ఇది గట్టిగా చెప్పదలచుకున్న మాట. మంచు పడే ఊళ్లలో అరటిని చంపేది సగం చలి, సగం నీళ్లు. కోసిన బోదె నెత్తిన వాననీళ్లు చేరితే లోపలికి దిగి కుళ్లు పట్టిస్తాయి. చలికాలంలో చెట్టు పెరగదు, కుళ్లు మాత్రం పెరుగుతుంది. అందుకని గూడు నెత్తిన టార్పాలిన్ వాలుగా కట్టాలి, పక్కలు మాత్రం గాలాడేట్టు వదలాలి. మొత్తాన్ని ప్లాస్టిక్ కవర్లో బిగించి చుట్టినవాళ్ల చెట్లు లోపల చెమ్మకే పోయిన సంగతి మా మిత్రుల ఇళ్లలో చూశాను. గడ్డ మీద మూరెడు మందాన చెక్కపొట్టు, గడ్డి పరవాలి. గట్టి చలి వచ్చే ముందు రోజు నేలను మాత్రం తడపాలి. తడి మట్టి పగటి వేడిని పట్టుకుని ఉంటుంది, పొడి మట్టి త్వరగా చల్లారుతుంది. బోదె చుట్టూ పాత రకం సీరియల్ బల్బుల దండ వేశాం, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే రకం. ఎల్ఈడీ బల్బులు వెలుగిస్తాయి గాని వేడినివ్వవు.

జనవరి అట్లాగే గడిచింది. ఆ నెల చివర్లో మా వైపు నుంచి ఒక మంచి కబురు వచ్చింది. తాడిపత్రి నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు అరటికాయల కోసమే ఒక ప్రత్యేక రైలు వేశారు. 43 శీతల కంటైనర్ల నిండా కాయ. అక్కడి నుంచి ఓడల్లో పశ్చిమాసియా దేశాలకు. నాయన వాట్సాప్‌లో ఆ రైలు వీడియో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. ఎన్నో ఏళ్లు తాడిమర్రి రైతు దళారీ చెప్పిన ధరకు తలూపి కాయ ఇచ్చేశాడు. ఇప్పుడు మా సీమ కాయ సముద్రం దాటుతోందంటే ఆయన గొంతులో సంబరం నాకు అంతదూరం వినిపించింది. ఆ కంటైనర్లలో 13, 14 డిగ్రీలు ఉంచుతారని ఆయనే చెప్పాడు. అంతకన్నా దిగితే పచ్చికాయ లోపల చలి దెబ్బ తింటుంది. తర్వాత మగ్గబెట్టినా నిగనిగలాడే పసుపు రాదు, మసక రంగు వస్తుంది.

రెండు వారాలు తిరగకముందే ఆర్కిటిక్ గాలి టెక్సాస్ మీదికి దిగింది. 2021 ఫిబ్రవరి 14 ఆదివారం మంచు కురవడం మొదలైంది. 15 తెల్లవారుజామున రాష్ట్రంలో చాలామటుకు కరెంటు కోతలు పెట్టారు. మా ఇంట్లోనూ పోయింది. హీటరు ఆగింది, పెరట్లో బల్బుల దండ ఆరింది. 16వ తేదీ ఉదయం డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. 1949 తర్వాత అంత చలి ఆ ఊరు చూడలేదు. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లలో కరెంటు లేదు. ఆ చలి తుఫాను వల్ల 246 మంది చనిపోయారని తర్వాత ప్రభుత్వమే లెక్క తేల్చింది. కొందరు ఇళ్లలోనే చలికి బిగుసుకుపోయి, కొందరు వెచ్చదనం కోసం గరాజులో కారు ఆన్ చేసుకుని ఆ పొగకు.

ఆ రోజుల్లో చెట్ల దగ్గరికి పోలేదు. పిల్లలకు ఉన్న చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడిగి, ఒకే గదిలో, తలుపు కింద తువ్వాళ్లు అడ్డంపెట్టి పడుకున్నాం. కొళాయిల్లో నీళ్లు గడ్డకట్టి పైపులు పగలకుండా సన్నగా వదిలిపెట్టాం. గ్యాస్ పొయ్యి ఉన్న మిత్రుడి ఇంటికి నాలుగు కుటుంబాలు చేరాం. ఆ ఇంటి ఆమె పెద్ద గిన్నెలో రసం కాచి గ్లాసుల్లో పోసి ఇచ్చింది. అందరం గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చున్నాం, తాగడానికి తొందరపడలేదు. నాయన ఫోన్ చేసినప్పుడు నేను అరటి మాట ఎత్తాను. ఆయన నన్ను మధ్యలోనే ఆపాడు. "చెట్ల సంగతి ఇడ్సిపెట్టప్పా. పిల్లోళ్లు ఎట్లుండారు? గడ్డ ఉంటే చెట్టు అదే వచ్చాది" అన్నాడు. అమ్మ పక్క నుంచి ఏడుస్తోంది.

మంచు వారం తర్వాత కరిగింది. గూళ్లు మాత్రం మార్చి నడిమి దాకా విప్పలేదు. ఎండ కాసింది కదా అని ఫిబ్రవరిలోనే విప్పితే తర్వాత వచ్చే ఒక్క మంచు రాత్రి మిగిలినదాన్ని తీసుకుపోతుంది. మార్చిలో ఒక శనివారం జాలీ కోసి ఎండాకులు లాగేశాం. పులిసిన వాసన గుప్పుమంది. బోదెల పైపొరలు నల్లగా, జిగటగా, చేత్తో పట్టుకుంటే ఊడివస్తున్నాయి. నాయన ఫోన్లో చూస్తూ చెప్తుంటే నేను కత్తితో పైనుంచి బెత్తెడు బెత్తెడు కోసుకుంటూ కిందికి వచ్చాను. కోత గోధుమరంగులో ఉంటే ఇంకా కిందికి. రెండు పక్కల చెట్లకు మోకాలి ఎత్తుకు వచ్చేసరికి నడిమధ్యలో తెల్లటి వృత్తం కనిపించింది. నీళ్లు ఊరుతున్న తెలుపు. "సాలు సాలు, ఆపు" అని నాయన అరిచాడు.

నడిమి చెట్టుకు ఆ తెలుపు దొరకలేదు. మొదలు దాకా కోశాను. నేలకు జానెడు ఎత్తున ఉండగా బోదెను నిలువునా చీల్చమన్నాడు. చీల్చి రెండు చెక్కలు విడదీస్తే లోపల, దవ్వ చివర, బొటనవేలంత గెల. కాయ వరుసలు అప్పుడే విడివిడిగా ఏర్పడుతున్నాయి, సూదితో గీసినంత సన్నగా. అన్నీ కలిపి ఉడికినట్టు గోధుమరంగులో ఉన్నాయి. మిగతా రెండు చెట్లూ బతికింది అవి ఇంకా పువ్వు మొదలుపెట్టకపోవడం వల్లే. వాటి మొన కింద, పొట్టు కింద, మట్టి వెచ్చదనంలో దాక్కుని ఉంది. అందరికన్నా ముందు ఎదిగిన చెట్టు తన గెలను చలిలోకి మోసుకొచ్చింది. మా పాప ఆ రెండు చెక్కలనూ చాలాసేపు చూసి, దీన్ని పాతిపెడదామా అని అడిగింది. గోడ చివర పాతిపెట్టాం.

ఏప్రిల్‌లో మోకాలెత్తు బోదెల నడుమ నుంచి చుట్ట చుట్టిన ఆకు పైకి తోసుకొచ్చింది. మొదటి ఆకు వంకర, అంచులు చిరిగి. రెండోది కొంచెం నయం. మేలో నడిమి గడ్డ నుంచి కూడా పిలకలు లేచాయి. చచ్చిపోయాయనుకుని తవ్వి పారేసినవాళ్లు ఆ వసంతంలో చాలామంది ఉన్నారు. మన సంఘాల వాట్సాప్ గుంపుల్లో మా ఇంటివాళ్లు అందరికీ ఒకటే మాట పంపారు: మే నెల ఆఖరు దాకా గడ్డ జోలికి పోకండి. ఆ మాట విన్నవాళ్లలో చాలామంది చెట్లు తిరిగొచ్చాయి.

మరుసటి చలికాలం మమ్మల్ని కనికరించింది. 2021 డిసెంబరు టెక్సాస్ చరిత్రలోనే అన్నిటికన్నా వెచ్చటి డిసెంబరు. గూళ్లు కట్టిన చెట్లు నాలుగడుగుల బోదెలతో అట్లాగే వసంతానికి చేరాయి. 2022 జూన్‌లో, మండే ఎండల్లో, ఎర్రటి మొగ్గ వంగి బయటికి వచ్చింది. సెప్టెంబరులో అమ్మానాయనా వచ్చారు. వచ్చిన తెల్లారే నాయన పంచె ఎగగట్టి పెరట్లోకి పోయాడు. గెల కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాడు. మా చేన్లో జీ9 గెల 30 కిలోలు దాటి తూగుతుంది. ఇది పది కిలోలు కూడా ఉండదు. ఆయన ఆ లెక్క ఎత్తలేదు. ఎన్ని హస్తాలున్నాయో పైనుంచి కిందికి ఎంచి, చివరి చిన్న హస్తాన్ని గోటితో తుంచేసి, "ఇంగ పైవి ఊరుతాయి" అన్నాడు. అక్టోబరులో ఆయనే కోశాడు. రాజాపురి పండు పొట్టిగా, లావుగా, జీ9 కన్నా తియ్యగా ఉంటుంది. ఇంట్లో దేవుడి దగ్గర ఒక హస్తం పెట్టి మిగతావి తెలిసిన ఇళ్లకు పంచాం.

ఆ సంవత్సరమే ఆయన నాకు ఒక పని నేర్పించాడు. ఇక్కడి తోటపని పుస్తకాల్లో నేను దాన్ని చూడలేదు. అరటి గడ్డ ఏళ్లు గడిచేకొద్దీ పైకి తేలుతుంది. తల్లి గడ్డ పక్కన పిల్ల గడ్డ కొంచెం పైన పుడుతుంది, దాని పక్కది ఇంకా పైన. నాలుగైదేళ్ల పొదలో గడ్డ సగం నేల మీద కనిపిస్తుంది. మా ఊళ్లో అట్లా తేలిన చెట్టు గాలికి మొదలంటా పెకలుకుంటుందని మట్టి ఎగదోస్తారు. నాయన మా పొదను చూసిన వెంటనే, "గడ్డ బయట పెట్టుకోని పైన ఎన్ని దుప్పట్లు కప్పితే ఏం లాభం?" అన్నాడు. నవంబరులో గోడవారన ఇంకో వైపు నుంచి మట్టి తవ్వి, బండితో తోలి, పొద మొదట్లో మోకాలి దగ్గరిదాకా దిబ్బ వేశాడు. నీళ్లు నిలవకుండా చుట్టూ వాలు తీశాడు. దాని మీద పొట్టు, దాని మీద గూడు. వయసులో పెద్దాయన, మంకీ క్యాప్ పెట్టుకుని పారతో పని చేస్తుంటే జపాన్ అరటి పెద్దాయన కంచె అవతల నుంచి చూసి లోపలికి వచ్చాడు. ఇద్దరికీ మాట కలవదు. నాయన గడ్డ చూపించాడు, మట్టి చూపించాడు, గుప్పిట మూసి చూపించాడు. మరుసటి వారం ఆయనా తన పొదకు దిబ్బ వేసుకున్నాడు.

2022 డిసెంబరు 22న చలిగాలి దిగింది. తెల్లారేసరికి మైనస్ పది డిగ్రీల కిందికి పోయింది. ఈసారి కరెంటు నిలిచింది. నాయన రాత్రి మళ్లీ మళ్లీ లేచి కిటికీలోంచి గూడులోని బల్బుల వెలుగు చూసుకుంటూ ఉన్నాడు. అమ్మ కోప్పడినా వినలేదు. ఊళ్లో గాలివాన రాత్రులు చేను చుట్టూ తిరిగిన మనిషి కదా. మార్చిలో ఆయన ఊరికి వెళ్లిపోయాక నేను గూడు విప్పాను. మూడు బోదెలు పైన రెండు జానలు పోయాయి, మిగతాదంతా తెలుపే. ఫోన్లో చూపిస్తే కోతలకు పైన బూడిద చల్లమన్నాడు. చల్లాను.

ఇప్పుడు మా పెరట్లో గోడ పొడవునా అరటే. ఏటా వసంతంలో పిలకలు తీసి ఇస్తాం. వెడల్పాకు పిలకలు ఇవ్వం, కత్తిలా సన్నటి ఆకులున్న సూది పిలకలే ఇస్తాం. వాటికి గడ్డ బలంగా ఉంటుంది. ప్లేనో, ఇర్వింగ్, అలెన్, మెకిన్నీ, ఎక్కడెక్కడి తెలుగు ఇళ్లలోనో మా పిలకలున్నాయి. తీసుకుపోయేవాళ్లకు రెండు పనులు చెప్తాం: దక్షిణం గోడ వారన నాటండి, నవంబరులో మట్టి ఎగదోయండి. డిసెంబరులో కొందరు మళ్లీ ఫోన్ చేస్తారు, గూడు ఎట్లా కట్టాలని. ఆ నెలలో మా ఇంటి ముందు ఎండాకుల సంచులు ఎప్పుడూ పది, పదిహేను ఉంటాయి. కావలసినవాళ్లు వచ్చి వేసుకుపోతారు.